పది అంకెల తాళంలో నీలం సాక్సు

తాళాలాయనకి ఏ నంబరూ గుర్తుండదు. కొట్టు నంబరెంతని అడిగితే "పళ్ళ డాక్టరమ్మ పక్కన" అంటాడు. భార్య పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది కనక ఏడాదికి ఒక్కసారే మర్చిపోతాడు, అంతవరకు నయం. ఇలాంటి మనిషి నంబరు తాళాలు అమ్మి, బాగుచేసి, అందులోనే తల నెరిపించుకున్నాడంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వుతాడు. నవ్వాక బల్ల మీదికి వంగి, గొంతు తగ్గిస్తాడు.

"నంబరు గుర్తుపెట్టుకుంటే ఏదో ఒకరోజు మర్చిపోతామండీ. దాని గుణం గుర్తుపెట్టుకోండి. నంబరు దానంతటదే నడిచొస్తుంది."

ఒకసారి సైకిలుకి గొలుసు తాళం కొన్నాయన, నాలుగంకెలు కూడా తన బుర్రలో నిలవవని మొరపెట్టుకున్నాడు. తాళాలాయన దానికి 6174 పెట్టి ఇచ్చాడు. "మర్చిపోతే కంగారుపడకండి. ఎదురుగా ఏ నాలుగంకెల నంబరు కనబడితే అది తీసుకోండి. నాలుగూ ఒకే అంకె కాకపోతే చాలు. వాటిని పెద్ద నుంచి చిన్నకి పేర్చండి. తిరగేసి చిన్న నుంచి పెద్దకి పేర్చండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. వచ్చినదాన్ని మళ్ళీ అలాగే చేయండి. మూడంకెలే వస్తే ముందో సున్నా తగిలించండి. ఎక్కడ మొదలెట్టినా ఏడుసార్లలోపు 6174 వచ్చి మీ ఒళ్ళో వాలుతుంది." సైకిలాయన నమ్మలేదు. ఆ తర్వాత ఒక వానలో తాళం ముందు నిలబడి, ఎదురుగా ఆగిన బస్సు నంబరుతో మొదలుపెట్టి, తడి కాగితమ్మీద తీసివేతలు చేసి మరీ సైకిలు విడిపించుకున్నాడు. మర్నాడు కొట్టుకొచ్చి, "నంబరొచ్చిందండీ, దాంతోపాటు జలుబూ వచ్చింది" అని తుమ్మి వెళ్ళాడు. తాళాలాయన ఆ తుమ్ముని చాలాకాలం మెచ్చుకోలు కిందే చెప్పుకున్నాడు.

ఈ గుణాల పిచ్చి ముదిరి చేసిన వస్తువొకటి కొట్టు అద్దం వెనక ఉండేది. చిన్న ఉక్కు పెట్టె. దాని మీద సున్నా నుంచి తొమ్మిది దాకా పది బటన్లు, పక్కన ఒక పిడి. నొక్కిన బటన్ లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది, కాబట్టి ఏ అంకెనీ రెండోసారి నొక్కలేం. పదీ నొక్కాలి, వరస మాత్రం సరిగ్గా ఉండాలి. అలాంటి వరసలు ముప్ఫై ఆరు లక్షల పైచిలుకు. వరస తప్పితే లోపలున్న గంట పళ్ళు జివ్వుమనేలా మోగుతుంది, ఆ తర్వాత పెట్టె పావుగంటసేపు బిగుసుకుపోతుంది. ఆయన దాన్ని అలక అంటాడు. "తెరిచినవాళ్ళదే పెట్టె" అని ఒక అట్టముక్క దాని పక్కనే పెట్టాడు. చాలామంది వచ్చి గంట మోగించి వెళ్ళారు. పక్క గదిలో పళ్ళు చూపించుకునేవాళ్ళు ఆ గంటకి ఎగిరిపడేవారు.

పెట్టె నంబరు ఆయనకీ గుర్తులేదు. గుణం గుర్తుంది. పదంకెల సంఖ్య. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె ఒక్కసారే వస్తుంది. మొదటి అంకెని ఒకటితో భాగిస్తే శేషం రాకూడదు, అది ఎలాగూ రాదు. మొదటి రెండంకెలూ కలిపి చదివితే రెండుతో తెగాలి, శేషం మిగలకూడదు. మొదటి మూడూ మూడుతో తెగాలి. మొదటి నాలుగూ నాలుగుతో. అలా మొత్తం పదీ పదితో. ఇన్ని షరతులకి తలవంచే సంఖ్య లోకం మొత్తానికి ఒక్కటే ఉంది. దాన్ని మళ్ళీ పుట్టించాలంటే ఆయనకి ఒక ఆదివారమంతా, మూడు టీలూ పడతాయి.

ఇంతలో కూతురి సెలవు అయిపోవచ్చింది. ఆవిడ నీళ్ళు పరీక్షించే లాబ్‌లో పనిచేస్తుంది. సోమవారం తిరిగి వెళ్ళాలి. ఇంకా నడక రాని కొడుకుని పగలంతా ఎవరు చూస్తారన్నది ఇంట్లో పెద్ద సమస్యయి కూర్చుంది. రెండు వీధుల అవతల ఒక క్రెష్ ఉంది. శుభ్రంగా ఉంటుంది, కిటికీలకి జాలీలున్నాయి, నేల మెత్తగా ఉంటుంది. కూతురు వెళ్ళి అన్నీ తడిమి చూసి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడు తాళాలాయన, "నేను చూస్తాను వాణ్ణి" అన్నాడు.

"మీరా?" అంది భార్య. కొట్టు మీది అంతస్తులో కర్టెన్లు కుడుతుంది ఆవిడ. మాట కూడా కత్తెరతోనే కోస్తుంది. "మొన్న పాలు పొయ్యి మీద పెట్టి తాళం కబుర్లలో పడ్డారు. గిన్నెకి అడుగు మిగల్లేదు."

"గిన్నె అరవదు కదా. వీడైతే అరుస్తాడు."

"అదీ నిజమే నాన్నా," అంది కూతురు, కానీ ఆ మాటలో ధైర్యం లేదు.

తాళాలాయనకి ఇది మామూలు కోరిక కాదు. ఆయన జోకులన్నీ ఇంట్లో ఏనాడో అరిగిపోయాయి. మొదలుపెట్టగానే భార్య చివరి మాట చెప్పేస్తుంది. కొట్టుకొచ్చేవాళ్ళు తాళం పోయిన చిరాకులో ఉంటారు, నవ్వరు. బుడ్డోడొక్కడే, ఆయన చెవులు కదిలించినప్పుడల్లా అదే మొదటిసారి చూసినట్టు కిందామీదా పడి నవ్వుతాడు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి వేరేవాళ్ళ గోడల మధ్య కూర్చోబెడతారంటే ఆయన గుండె చెరువయిపోయింది. బయటికి మాత్రం, "ఊరికే ఫీజు దండగ" అన్నాడు.

చివరికి కూతురు ఒక మెట్టు దిగింది. "శుక్రవారం ఒక్కరోజు చూద్దాం. సజావుగా గడిస్తే సోమవారం నుంచి నీ దగ్గరే. తేడా వచ్చిందో, ఇంక మాటల్లేవు, క్రెష్."

శుక్రవారం పొద్దున్నే వచ్చింది. కొట్టు నేల వేలితో రాసి, ఆ వేలు వెలుగులో చూసుకుంది. మేకులూ స్క్రూలూ ఉన్న డబ్బాలన్నీ పైఅరలోకి చేర్పించింది. ఈమధ్య ఆవిడకి ఏ వస్తువు చూసినా అది పిల్లాడి గొంతులో పడుతుందా పడదా అన్న లెక్కే ముందు వస్తుంది. పాపం, లాబ్‌లో నీటిచుక్కలో ఏముంటాయో రోజూ చూసే మనిషి.

"మధ్యాహ్నం రెండుకల్లా పడుకోవాలి. పడుకోకపోతే సాయంత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇదిగో ఈ సాక్సు." అది ఆవిడదే, పాతది, నీలం రంగు. జత ఎప్పుడో పోయింది. "ఇది చెంపకి ఆనించుకుంటేనే పడుకుంటాడు. ఇది లేకపోతే పడుకోడు నాన్నా. అర్థమైందా? పడుకోడు."

"సాక్సే కదమ్మా."

"ఆ మాట అనకు. అచ్చం ఇలాంటిదే కొత్తది తెచ్చిచ్చాను. విసిరికొట్టాడు. దీన్ని ఉతకాలన్నా వాడు పడుకున్నాక దొంగలా తీసుకుంటాను."

ఇంకో నాలుగు జాగ్రత్తలు చెప్పి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, లాబ్‌లో కొత్త యంత్రం ఎలా నడుస్తుందో తెలుసుకుని నాలుగుకి వస్తానని వెళ్ళింది.

పొద్దుట్నుంచీ అంతా నల్లేరు మీద బండి నడకే. అరటిపండు మెదిపి పెడితే తిన్నాడు. చెవులు కదిలిస్తే నవ్వాడు. తాళం చెవుల గుత్తి ఆడిస్తే వింటూ ఊగాడు. తాళాలాయన పై అంతస్తు వైపు చూసి, "పిల్లల్ని పెంచడం ఇంత తేలికని ముందే చెప్పలేదేమోయ్" అని కేకేశాడు. పైన కుట్టుమిషను ఇంకాస్త గట్టిగా కొట్టుకుంది.

ఆ పది బటన్ల పెట్టె అప్పుడు అద్దం వెనక లేదు. పోయిన ఆదివారం ఆయన దాన్ని కష్టపడి తెరిచి, కీళ్ళకి నూనె పట్టించి, లోపల కొత్తగా రంగు వేశాడు. ఆరడానికి తలుపు బార్లా తీసి బల్ల పక్కన నేల మీద పెట్టాడు. మధ్యాహ్నం కావస్తుండగా ఒకావిడ సూట్‌కేసు తెచ్చింది. దాని తాళం సంగతి చూస్తూ ఆయన వెనక్కి తిరిగి ఉన్నాడు. బుడ్డోడు నేల మీద పాకుతూ పెట్టె దాకా వెళ్ళాడు. లోపలికి తొంగిచూశాడు. చేతిలో ఉన్నది అందులో వేశాడు. తలుపు తోశాడు.

టిక్ మంది.

ఎంత చక్కటి టిక్. నూనె తాగిన స్ప్రింగు, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్న గడియ. చేస్తే ఇలా చేయాలి, అనుకున్నాడు తాళాలాయన మురిసిపోతూ. ఆ తర్వాత తిరిగి బుడ్డోడి చేతులు చూశాడు. రెండూ ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చేతులతో వాడు చప్పట్లు కొట్టుకుంటున్నాడు.

సూట్‌కేసావిడని ఎలా పంపించాడో ఆయనకే తెలియదు. ముందు ప్రత్యామ్నాయాలు చూశాడు. తన కాలి సాక్సే విప్పి ఇచ్చాడు. బుడ్డోడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఆయన వైపు జాలిగా చూసి కింద పడేశాడు. బీరువా తుడిచే నీలం గుడ్డ ఇచ్చాడు. పక్కింటి డాక్టరమ్మ దగ్గర్నించి నీలం చేతితొడుగు అడిగి తెచ్చి, గాలి ఊది ఇచ్చాడు. దాని ఐదు వేళ్ళూ చూసి బుడ్డోడు బెదిరిపోయి, పెదవి విరిచాడు. ఆ విరుపు వెనక ఏడుపు వరసలో నిలబడి ఉంది.

పెట్టెని రంపంతో కోయొచ్చు. కోస్తే చేతులారా చేసుకున్నది పోతుంది, పైగా ఆ రొదకి భార్య దిగొస్తుంది. దిగొస్తే కూతురికి చెబుతుంది. చెబితే సోమవారం క్రెష్. కాబట్టి మిగిలింది ఒకటే దారి. ఆదివారమంతా పట్టే లెక్క, నిద్రకి వచ్చిన పిల్లాణ్ణి చంకనేసుకుని, నాలుగులోపు.

సరుకు పెట్టుకునే నల్ల ఇనప బీరువా ముందు సుద్దముక్కతో నిలబడ్డాడు. బుడ్డోడికి లెక్క వినిపిస్తూ మొదలుపెట్టాడు. "పదితో తెగాలంటే చివర ఎవరుండాలిరా? సున్నా. ఐదోచోట ఐదు తప్ప ఇంకోడు కూర్చోలేడు, సున్నా అయిపోయాడు కదా. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది చోట్లలో సరి అంకెలు. మిగతావాటిల్లో బేసివి. బావుందా?" బుడ్డోడు ఆయన చెవి పట్టుకుని లాగాడు. నాలుగుతో తెగాలనేసరికి నాలుగోచోటుకి రెండో ఆరో తప్ప వేరే దిక్కు లేకపోయింది. ఆరుగారు వచ్చి, నాలుగో చోటు నుంచి ఆరో చోటు దాకా ఉన్న మూడంకెలూ 258 గానీ 654 గానీ అయితీరాలని తీర్పు చెప్పారు. మూడూ ఎనిమిదీ కలిసి ఇంకొందరిని బయటికి నెట్టాయి. తొమ్మిది ఏ పేచీ పెట్టలేదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే నలభై ఐదు, ఏ వరసలో ఉన్నా దానికి ఒకటే. ముప్ఫై ఆరు లక్షల్లో పది సంఖ్యలు మిగిలాయి. పదీ ఒకదానికింద ఒకటి బీరువా మీద రాశాడు. రాసి రాసి అడుగుకి చేరేసరికి, చెయ్యి నొప్పెట్టి బుడ్డోణ్ణి నేల మీదికి దించాడు. వాడు బీరువా పట్టుకుని లేచి నిలబడి, పొట్ట ఆనించి ఊగడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది ఏడు. మిగతావాళ్ళంతా మర్యాదస్తులు. చివరి అంకె చూసో, అన్నీ కూడో, వాళ్ళ మనసులో ఏముందో చెప్పేయొచ్చు. ఏడు అలా కాదు. చుట్టాల్లో ఒకాయన ఉంటాడు, మొహం చూస్తే వంట నచ్చిందో లేదో తెలియదు, అంతా తిని చెయ్యి కడుక్కున్నాకే చెబుతాడు. ఏడు ఆ బాపతు. ప్రతి సంఖ్యనీ కూర్చుని భాగించి చూడాల్సిందే.

బుడ్డోడు అప్పుడే మొదటి ఏడుపు ఏడ్చాడు. తాళాలాయన గభాలున వాణ్ణి ఎత్తుకుని మళ్ళీ పైనుంచి చూశాడు. ఆ పదిలో ఒకటి ఆయన కళ్ళని పట్టుకుంది.

9876543210.

మెట్లు దిగినట్టు ఎంత ముచ్చటగా దిగిందో. రెండుతో తెగింది, మూడుతో తెగింది, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది, అందరితోనూ తెగింది. ఇంత అందగత్తెని పక్కన పెట్టి తను ఇంకో నంబరు పెట్టాడా? పెట్టడు. తన రుచి తనకి తెలియదా? భాగించడానికి టైము లేదు, చంకలో ఏడుపు పెరుగుతోంది. వంగి తొమ్మిది నొక్కాడు. ఎనిమిది. ఏడు. అలా సున్నా దాకా వచ్చి, పిడి తిప్పాడు.

గంట మోగింది.

ఆ గంటకి బుడ్డోడు ఏడుపు మాని నోరు తెరిచి విన్నాడు. ఆగగానే ఇంకా పెద్ద గొంతుతో అందుకున్నాడు. తలుపులో డాక్టరమ్మ ప్రత్యక్షమైంది.

"బాబాయిగారూ, మీ గంటకి మా పేషెంటు నా వేలు కొరికాడు."

"పళ్ళు గట్టివే అన్నమాట. ఇంకేం చూస్తావమ్మా, పంపించెయ్."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మెడలో టేపుతో భార్య దిగింది. బీరువా చూసింది, పెట్టె చూసింది, బుడ్డోడి ఖాళీ చేతులు చూసింది. ఏమీ అడగలేదు. అడగకుండా అన్నీ తెలుసుకునే ఈ విద్యకే ఆయన ఎక్కువ భయపడతాడు.

"లోపలుందా?" అంది చివరికి.

"తాత్కాలికంగా."

"అమ్మాయికి ఏం చెబుతారు?"

"నాలుగు దాకా టైముంది. నువ్వు చెప్పకపోతే..."

"నాన్నా, ఎవరికి ఏం చెప్పకపోతే?"

కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. రెండున్నర కూడా కాలేదు. కొత్త యంత్రం చూపిస్తున్నంతసేపూ దాని తెర మీద కొడుకు మొహమే కనబడిందట, ఏదో వంక చెప్పి బయటపడింది. ముందు కొడుకుని లాక్కుని ఒళ్ళంతా తడిమింది. వాడి చొక్కా ముందువైపంతా తెల్లగా ఉంది.

"ఏంటిది? సుద్దా? తిన్నాడా?"

"తినలేదు. పూసుకున్నాడు."

"ఇంకా పడుకోలేదేంటి? సాక్సేది?"

డాక్టరమ్మ, "నా పేషెంటు నోరు తెరుచుకునే ఉన్నాడు" అని మెల్లగా జారుకుంది. తాళాలాయన పెట్టె వైపు చూశాడు. కూతురు ఆ చూపు వెంటే వెళ్ళింది.

"అందులోనా?"

"వాడే వేసుకున్నాడమ్మా. చేతిలోది జాగ్రత్త చేసుకునే గుణం. నీ పోలిక."

ఆవిడ నవ్వలేదు. "ఒక్కరోజు నాన్నా. ఒక్క పూట. నేను అడిగింది ఒక్క సాక్సు చూసుకోమని." సంచి భుజానికి తగిలించుకుంది. వెళ్ళిపోయేదే. కానీ బుడ్డోడు పెట్టె వైపు చేతులు చాపి వీధి చివరిదాకా వినబడేలా ఏడుస్తున్నాడు. సాక్సు లేకుండా వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళి చేసేదేమీ లేదని ఆవిడకే అందరికన్నా బాగా తెలుసు. పిల్లాణ్ణి తండ్రి చేతుల్లో పెట్టింది, సుద్దముక్క లాక్కుంది.

"రూలేంటో చెప్పు."

ఆయన చెప్పాడు. ఆవిడ వింటూనే బీరువా మీది అంకెలు పైనుంచి కిందికి చదివింది. సైన్సు చదివినవాళ్ళకో బలహీనత ఉంటుంది. కోపంలో ఉన్నా సరే, ఎదురుగా తేలని లెక్క కనబడితే కోపాన్ని కాసేపు పక్కన పెట్టేస్తారు.

"9876543. ఏడుతో భాగిస్తే ఐదు మిగుల్తుంది. ఇది చూడకుండానే నొక్కావా?"

"చూడ్డానికి బావుంది కదా అని."

"చూడ్డానికి బావుందని నొక్కేస్తావా? ఇదే నాన్నా నా భయం."

ఆ మాట ఆయనకి తగిలింది. బుడ్డోణ్ణి భుజానికేసుకుని, అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. కూతురు ఒక్కొక్కదాన్నే ఏడుతో భాగించుకుంటూ పోయింది. ఆవిడ పైకి చెబుతుంటే ఆయన వెనకనుంచి గొణుగుతూ సరిచూశాడు. ఏడు రెళ్ళు పద్నాలుగు, నాలుగు మిగిలింది. ఏడు ఆరులు నలభై రెండు, ఒకటి మిగిలింది. ఒకటీ తెగలేదు. పై నుంచి అడుగు దాకా ప్రతిదాని పక్కనా ఒక శేషం వచ్చి కూర్చుంది.

"నీ రూలే తప్పు."

"రూలు తప్పు కాదమ్మా. నన్ను ఏమన్నా అను."

"అయితే అంకెలెలా తెగట్లేదు?"

"మళ్ళీ భాగించు."

మళ్ళీ భాగించింది. అవే శేషాలు. మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్న భార్య గొంతు సవరించుకుంది.

"నాకు మీ ఏడులూ ఎనిమిదులూ తెలియవు కానీ, ఇవన్నీ జతలు కదా?"

"ఏవి?"

"ఇదేమో 147తో మొదలైంది, అదేమో 741తో. వెనకంతా ఒకటే. ఇక్కడ 789, అక్కడ 987. కర్టెను ఎడమరెక్క కుడిరెక్క ఉన్నట్టు లేవూ? మరి ఈ 183కి రెండో రెక్కేదీ?"

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజమే. మొదటి అంకె, మూడో అంకె చోట్లు మార్చుకున్నా రెండుకీ మూడుకీ ఫిర్యాదుండదు, తర్వాతివాళ్ళకీ ఉండదు, ఒక్క ఏడుకి తప్ప. కాబట్టి ఇవి జంటలుగానే పుడతాయి. తాళాలాయన పది రాశాడు. బీరువా మీద తొమ్మిదే ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున, సరిగ్గా బుడ్డోడి పొట్ట ఎత్తులో, తెల్లటి మరక ఒకటి ఉంది.

"వీడు తుడిచేశాడు," అంది కూతురు. ఆవిడ గొంతులో కోపం ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. మరక మీదే మళ్ళీ రాసింది. 3816547290.

"ముప్ఫై ఎనిమిదిలో ఏడు ఐదులు ముప్ఫై ఐదు. మూడు మిగిలింది. ముప్ఫై ఒకటిలో ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. మళ్ళీ మూడు. ముప్ఫై ఆరులో ఏడు ఐదులు, ఒకటి. పదిహేనులో ఏడు రెళ్ళు, ఒకటి. పద్నాలుగులో ఏడు రెళ్ళు. ఏమీ లేదు. ఏడులో ఏడు." సుద్దముక్క గాల్లోనే ఆగిపోయింది. "నాన్నా, తెగింది."

తిరిగి చూస్తే, ఆయన గది మధ్యలో రాయిలా నిలబడి ఉన్నాడు. ఆయన భుజం మీద బుడ్డోడు చెంప ఆనించి, నోరు కొంచెం తెరిచి, నిద్రపోతున్నాడు. సాక్సు లేదు. ఏడో ఎక్కం తప్ప ఏమీ లేదు.

కూతురు దగ్గరికొచ్చి ఊపిరి చూసింది. ఆవిడకది అలవాటు. ఊపిరి నిదానంగా, సమంగా ఉంది. తాళాలాయన అంగుళం అంగుళం చొప్పున వెనక్కి నడిచి, కుర్చీలో కూర్చున్నాడు.

అలక తీరిన పెట్టె నేల మీద మెరుస్తోంది. కూతురు దాన్ని చూసింది. ఆయన చూపులతోనే వద్దన్నాడు. ఆవిడ మళ్ళీ చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తప్పయితే గంట, గంటయితే వీడు లేస్తాడు, అని పెదవులతో చెప్పాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. "తెగింది కదా" అని గుసగుసలాడింది. మూడు నొక్కింది. ఎనిమిది నొక్కింది. తాళాలాయన కళ్ళు మూసుకుని, పిల్లాడి చెవి మీద అరచెయ్యి కప్పాడు. ఒకటి, ఆరు, ఐదు, నాలుగు. ఏడు దగ్గర ఆవిడ వేలు ఒక్కక్షణం ఆగింది. తర్వాత రెండు, తొమ్మిది, సున్నా.

పిడి తిప్పింది.

తలుపు ఏ చప్పుడూ లేకుండా తెరుచుకుంది. కూతురు నీలం సాక్సు బయటికి తీసింది. చేత్తో పట్టుకుని నిలబడ్డాక గానీ దాంతో ఇప్పుడు ఏ పనీ లేదని తోచలేదు. తండ్రి ఒక కన్ను తెరిచి ఆవిడ వైపు చూశాడు. ఇంతసేపూ వాణ్ణి లేపకుండా జాగ్రత్తపడ్డదెవరో, తెగించి బటన్లు నొక్కిందెవరో ఆ కన్ను స్పష్టంగా అడుగుతోంది.

"నువ్వేం మాట్లాడకు," అంది కూతురు గుసగుసగా.

ఆయన ఎలాగూ మాట్లాడలేడు. కనుబొమ్మ ఒకటి పైకెత్తాడు.

"కనుబొమ్మలు కూడా వద్దు." ఆవిడ సాక్సు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. వేలు కూడా కదపకుండా కూర్చున్న తండ్రిని చూసింది. అరక్షణం కుదురుగా ఉండడని ఊరంతా చెప్పుకునే మనిషి. "సోమవారం ఎనిమిదికి తీసుకొస్తాను. పెట్టెలన్నీ మూసి ఉండాలి. అన్నీ."

ఆయన చాలా మెల్లగా, మెడ కదలకుండా, ఒక్కసారి రెప్పలార్పాడు.

భార్య ఇదంతా చూస్తూ లేచింది. ఒక స్టూలు తెచ్చుకుని ఆయనకి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆవిడ మొహంలో పండగలాంటి వెలుగేదో కనబడింది. "వీడు గంటన్నర పడుకుంటాడా?" అని కూతుర్ని అడిగింది.

"ఒక్కోసారి రెండు గంటలు కూడా."

"మంచిది." ఆవిడ గొంతు బాగా తగ్గించి, ఆయన వైపు వంగింది. "ఇప్పుడు చెప్పండి, వంటింటి కుళాయి ఎప్పుడు బాగుచేస్తారు? ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేస్తారు, జోకేస్తారు, కొట్టులో ఎవరో వచ్చారంటారు. ఇవాళ ఎవరూ రారు. వినండి. కుళాయి మొదటిది. రెండోది, మా అన్నయ్య వచ్చినప్పుడు మీరు అన్న ఆ మాట..."

తాళాలాయన సాయం కోసం కూతురి వైపు చూశాడు. కూతురు అప్పటికే నవ్వు బయటికి రాకుండా సాక్సు నోటికి అడ్డం పెట్టుకుని, పేషెంటు సంగతేమైందో కనుక్కొస్తానని పక్కింటికి నడుస్తోంది.